కంప్యూటర్ కుస్తీలో మనోళ్లేరి?

అమెరికాలో స్పైక్ టీవీ 2009 నుంచి 2011 దాకా ‘డెడ్లియెస్ట్ వారియర్’ అనే కార్యక్రమం నడిపింది. ఎప్పుడూ ఎదురుపడని, వేర్వేరు కాలాల యోధుల్ని కంప్యూటర్లో కొట్లాడించి, గెలిచినోడెవడో తేల్చటం దాని పని. 2010లో రోమన్ సెంచూరియన్ మీదికి మన దేశం తరఫున ఎవర్ని దింపారు? రాజపుత్రుణ్ణి. ఆయనే గెలిచాడన్నారు.

కత్తి పదును కొలిచారు, సరే. మేమడుగుతున్నాం: ఆ కత్తిని కొలిమిలో సాగగొట్టిందెవరు? డాలుకు తోలు శుద్ధి చేసిందెవరు? సైన్యం వెనక మూటలు మోసిందెవరు? వాళ్లకి కంప్యూటర్లో గడి లేదు.

వీరత్వం ఫలానా కులం సొత్తన్న కూత టీవీవాళ్లు పుట్టించింది కాదు. మనువాదులు మొదట్నుంచీ కూసిందే. తెల్లదొరలు దానికే ‘యుద్ధ జాతులు’ అని ముద్రేశారు. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పీష్వా సేనకు ఎదురు నిలిచి మహర్లు ఆ దొరల కోసమే ప్రాణాలిచ్చారు. స్తంభం మీద వాళ్ల పేర్లున్నాయి. 1927 జనవరి 1న బాబాసాహెబ్ అక్కడికి వెళ్లాడు కూడా. అయినా 1890లలో అదే దొరలు మహర్లకు సైన్యం తలుపు మూసేశారు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సుబేదారుగా చేసిన సైన్యమే అది! మహర్ రెజిమెంటు కోసం 1941 దాకా ఆగాల్సొచ్చింది.

ఆ జోడీని వెయ్యిసార్లు కొట్లాడించారట టీవీవాళ్లు. కోరేగావ్ మహరును ఒక్కసారన్నా దింపారా?