ఒరలో పట్టిన తుప్పు

గత బక్రీదుకు పది దినాల ముందు, అసర్ నమాజు అనంతరం మా పూర్వ విద్యార్థి ఒకతను మద్రసాకు వచ్చాడు. కొన్నేళ్ళు జిద్దాలో ఉద్యోగం చేసి తిరిగివచ్చినవాడు. చేతిలో మఖ్మల్ గుడ్డలో చుట్టిన కత్తి ఒకటి ఉంది. అటువంటివి ఇంట్లో మరి ఆరు ఉన్నాయట. నెల జీతంలో కొంత మిగిల్చి, ఒక్కొక్కటిగా కొన్నాడట. “మౌల్వీ సాబ్, వీటిని వాడితే విలువ పడిపోతుంది. దాచితే, ఇంట్లో కూరగాయలకు సరైన కత్తి లేదు గాని బీరువాలో ఏడు కత్తులున్నాయని నా భార్య అంటుంది. దాచుకోవడం ధర్మసమ్మతమేనా?” అని అడిగాడు.

సమాధానం చెప్పేముందు ఆ కత్తిని చూడదలచాము. తోలు ఒరలో నుండి తీయగానే అతని ముఖం వెలవెలబోయింది. నీటి అలల వంటి చారలున్న ఆ అందమైన ఉక్కు మీద, అంచు పొడవునా ఎర్రటి తుప్పు చుక్కలు. నాలుగేళ్ళుగా ఒక్క నిమ్మకాయనైనా కోయని కత్తి అది. తోలు గాలిలోని తేమను పీల్చి తనలో నిలుపుకుంటుంది, తోలు ఊనడానికి వాడిన ద్రవ్యాల శేషం కూడా దానిలో ఉంటుంది. ఉక్కును నెలల తరబడి ఒరలోనే ఉంచితే జరిగేది ఇదే. వాడే ఇంట్లో కత్తిని రోజూ కడిగి తుడుస్తారు. దాచిన కత్తి మీద ఏళ్ళ తరబడి ఎవరి చేయీ పడదు.

ఆ చారలను చూసినప్పుడు మాకు మన నేల చరిత్ర గుర్తుకు వచ్చింది. ప్రాచీన అరబ్బీ కవులు మేలైన ఖడ్గాన్ని ‘ముహన్నద్’ అన్నారు, అనగా హింద్ ఉక్కుతో చేసినది. ఆ ఉక్కు తయారైన తావులలో నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకటి. మట్టి మూసలలో ఇనుమును ఇతర ద్రవ్యాలతో కలిపి, మూతి బిగించి, గంటల తరబడి కాల్చి, మెల్లమెల్లగా చల్లార్చేవారు. పందొమ్మిదో శతాబ్ది తొలినాళ్ళలో అక్కడికి వెళ్ళిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్సీ, ఆ ఉక్కు కోసం ఇరాన్ నుండి వచ్చిన వర్తకుణ్ణి అక్కడ చూసి ఆ సంగతి వ్రాశాడు. ఆ కొలుములు చల్లారి చాలాకాలమయింది. నేడు బజారులో డమాస్కస్ పేరుతో దొరికే కత్తులు చాలావరకు వేరు: రెండు మూడు రకాల ఉక్కు రేకులను పొరలుగా పేర్చి, కాల్చి, సాగగొట్టి, ఆమ్లంలో ముంచి చారలను తేల్చినవి.

ఈ తేడా తెలిసినప్పుడు సగం సమస్య తీరుతుంది. పూర్వకాలపు నిజమైన మూస ఉక్కు కత్తి ఒక యుగానికి సాక్ష్యం. దాని మీద పడిన ప్రతి సాన ఆ సాక్ష్యాన్ని కొంత చెరిపివేస్తుంది. హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియంలో పాత ఆయుధాలను అద్దాల వెనుక ఉంచినది అందుకే. కాని మొన్న తయారై, నేడు కొన్న కత్తి కోయడానికే పుట్టింది. దానిని ఆ పని నుండి తప్పించి పెట్టెలో ఉంచడానికి ఏదైనా కారణం ఉండాలి.

ఇక ధర్మం సంగతి. మంచి వస్తువును ఇష్టపడి, హలాల్ సంపాదనతో కొని, ఇంట ఉంచుకోవడం తనంతట తాను పాపం కాదు. అయితే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ ఖర్చు వల్ల ఇంటివారి హక్కు తగ్గిందా? నలుగురికి చూపి గొప్ప చెప్పుకోవడానికా? జకాత్ లెక్క సరిగా ఉందా? మొదటి రెండింటికి ధీమాగా బదులు చెప్పిన మా శిష్యుడు మూడవదాని వద్ద ఆగిపోయాడు. ఉక్కు కత్తిని సొంతానికి ఉంచుకుంటే దానిపై జకాత్ లేదు. పిడికి వెండి, బంగారం ఉంటే, మా హనఫీ పండితుల నిర్ణయం ప్రకారం, అవి లెక్కలోకి వస్తాయి. ధర పెరిగాక అమ్ముదామనే ఉద్దేశ్యంతోనే కొన్నదైతే అది వాణిజ్య సామగ్రి. ఇతర సొమ్ముతో కలిపి నిసాబ్‌కు, అనగా 612 గ్రాముల వెండి విలువకు చేరి, ఏడాది నిండితే, నాటి బజారు ధరపై రెండున్నర శాతం చెల్లించాలి. “రెండు కత్తులు అలా కొన్నవే” అన్నాడు తల వంచుకుని. నాలుగేళ్ళ బాకీ అది.

అతనిని మందలించే అర్హత మాకు ఎంత ఉంది? మా తండ్రిగారు ప్రతి బక్రీదుకు స్వహస్తాలతో ఖుర్బానీ ఇచ్చేవారు. లారీ కమాను పట్టీతో ఊరి కమ్మరి చేసిచ్చిన కత్తి ఆయనది. ఆయన మరణానంతరం మేము దానిని గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచాము, గౌరవమని భావించి. మరుసటి బక్రీదుకు పక్కింటి కత్తి అడిగి తెచ్చాము. అది మొద్దుది. ఆ పొట్టేలు పడిన యాతన మేము కళ్ళారా చూశాము. కత్తికి పదును పెట్టండి, జంతువుకు సులువు కలిగించండి అన్న దైవప్రవక్త (సఅసం) బోధను ఏటేటా పిల్లలకు పాఠంగా చెప్పేది మేమే. అప్పుడు పదేళ్ళ మా అబ్బాయి అడిగాడు: “అబ్బా, దాదా కత్తి ఏదీ?” దానికి మేము బదులు చెప్పలేకపోయాము.

ఆ సాయంత్రం మేము శిష్యునికి ఖుర్ఆన్‌లోని మాఊన్ సూరాను గుర్తుచేశాము. ఇరుగుపొరుగుకు చిన్నపాటి అవసరపు వస్తువును ఇవ్వనివారిని అది నిందిస్తుంది. ఆ వస్తువులకు ఉదాహరణగా వ్యాఖ్యాతలు గొడ్డలిని, కుండను, బొక్కెనను పేర్కొన్నారు. పనిముట్టు మన సొత్తే అయినా, దాని ఉపయోగంలో పొరుగువారికీ కొంత పాలు ఉంది.

అతడు అమ్మకానికి కొన్న రెండింటిని అమ్మి, పాత జకాత్ చెల్లించాడు. ఒకటి వంటింటికి ఇచ్చాడు. స్నేహితుని కానుక అయినదానిని తుడిచి, ఖనిజ తైలం పలుచగా రాసి, ఒర నుండి విడిగా, పిల్లలకు అందని చోట ఉంచాడు. వంటనూనె రాస్తే జిగురు పడుతుందని చెప్పాము. మిగిలిన మూడింటికి పదును పెట్టించి, బక్రీదు నాడు మొహల్లాలో అడిగినవారికి ఇచ్చాడు. వాటిలో తుప్పు చుక్కల కత్తి కూడా ఉంది. సాన పట్టినప్పుడు దాని చారలు కొంత మాసిపోయాయి.

మా తండ్రిగారి కత్తి ఇప్పుడు మా ఇంట ప్రతి పండుగకూ వాడుతున్నాము. సానకు అరిగి అరిగి సన్నబడింది. మా తరువాత అబ్బాయి చేతికి అది మరింత సన్నగా అందుతుంది. దానికి మాకు చింత లేదు.