అమ్మానాన్నల్ని ఎడారిలో తిప్పే మహానుభావులకి

మే నెల వచ్చిందంటే చాలు, ఆఫీసు లంచ్ టేబుళ్ళ దగ్గర ఒకటే గోల. "పేరెంట్స్ వచ్చారు. మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి వేగాస్, గ్రాండ్ కాన్యన్, యాంటిలోప్, హార్స్ షూ బెండ్.. వచ్చేటప్పుడు డెత్ వ్యాలీ కూడా కొట్టేస్తాం!" కొట్టేస్తారట. ఎవర్ని? బే ఏరియా నుంచి ఈ చుట్టు తిరిగొస్తే 1,800 మైళ్ళకి అటూ ఇటూ. మా వెల్దుర్తిలో బయల్దేరి ఢిల్లీ పోయి, మళ్ళీ వెనక్కి సగం దారి దాటినంత. అదీ నాలుగు రోజుల్లో, డెబ్బై ఏళ్ళ మనుషుల్ని వెనక సీట్లో కూలేసి!

ఇదంతా పక్కవాళ్ళ మీద పడి ఏడవడం అనుకోకండి. ఈ వెధవపని నేనూ చేశాను. ఎక్సెల్ షీట్ వేసి మరీ చేశాను. గంటగంటకీ ఒక గడి, బాత్రూమ్‌కి మాత్రం గడి లేదు.

అసలు సంగతి అక్కడే ఉంది. మన పెద్దవాళ్ళు దారిలో నీళ్ళు తాగరు. తాగితే ఆపమని అడగాలి, అడిగితే కొడుక్కి లేటవుతుంది, అసలే కోడలు ముందుంది. మా అమ్మని ప్రతి గంటకీ అడిగాను, "నీళ్ళు తాగావా అమ్మా?" అని. "తాగాలే అయ్యా, నువ్వు రోడ్డు చూసుకో" అంది. బాటిల్ మూత కూడా తియ్యలేదని తర్వాత తెలిసింది. నాన్నదీ అదే కథ. పైగా ఆయన వేసుకునే బీపీ మాత్ర ఒంట్లో నీరు బయటికి పంపే రకం.

బేకర్‌లో 134 అడుగుల థర్మామీటర్ ముందు ఫొటో దిగాం. 1913 జులైలో డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి గుర్తుగా కట్టారు దాన్ని. సెల్సియస్‌లో 56.7. "మాది రెంటచింతల పక్కన. మాకు ఎండ చూపిస్తావురా?" అని నవ్వాడు నాన్న. నేనూ నవ్వాను. నాలుగో రోజు మధ్యాహ్నం రెండింటికి బ్యాడ్‌వాటర్‌లో దింపాను. సముద్రమట్టానికి 282 అడుగుల కింద, తెల్లటి ఉప్పు, మీద నిప్పులు. అరమైలు నడిచి వెనక్కొచ్చాక నాన్న కారు పక్కన కూలబడి, నా మొహం చూస్తూ అడిగాడు, "మాచర్ల బస్సు వచ్చిందా?"

ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఎవరో ముసలి అమెరికన్ దంపతులు వాళ్ళ కూలర్లోని ఐసు నీళ్ళు తెచ్చి తడిగుడ్డలు వేశారు. ఏసీ కారులో పడుకోబెట్టి, ఉప్పూ పంచదార నీళ్ళు కొంచెం కొంచెంగా పట్టాం. అరగంటకి నన్ను పేరు పెట్టి పిలిచాడు. అదృష్టం, అంతే. ఎండలో మనిషి మాట తేడాగా ఉందంటే వెంటనే 911కి ఫోన్ చెయ్యాలి, అక్కడ చేద్దామంటే ఫోనే పనిచెయ్యదు. ఇంక విజిటర్ ఇన్సూరెన్స్ సంగతి సరేసరి.. పాత బీపీ, షుగరు అనగానే చాలా పాలసీలు పక్కకి తప్పుకుంటాయి. టిక్కెట్లు కొనేముందే కాగితాలు చదువుకోండి.

"పల్నాడోళ్ళు ఎండకి అలవాటు పడ్డవాళ్ళు" అనే వాదన నాకు ఒళ్ళు మండిస్తుంది. అలవాటు పడ్డది వాళ్ళ ఒళ్ళు కాదండీ, వాళ్ళ టైంటేబుల్! మే నెలలో మా ఊళ్ళో మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. చీకటితో చేలోకి పోయి, ఎండ ముదిరేలోపు ఇంటికొచ్చి, మజ్జిగ తాగి, వేపచెట్టు కింద నులకమంచం వాల్చి, మళ్ళీ నీడ సాగాక లేస్తారు. డెత్ వ్యాలీ పార్కు వాళ్ళు చెప్పేదీ ఇంచుమించు అదే, ఎండాకాలం ఉదయం పది దాటాక కింద నడవొద్దని. మనమే డిగ్రీలు చదివిన మేధావులం, సరిగ్గా రెండింటికి దింపుతాం. పైగా వయసు మీదపడితే దాహం సరిగా తెలియదు. ఎడారి పొడిగాలికి చెమట పట్టినట్టే కనబడదు, పట్టిన క్షణంలో ఆరిపోతుంది. మనిషి లోపల ఎండిపోతున్నా పైకి చొక్కా పొడిగానే ఉంటుంది.

"అయితే ఇంట్లో కూర్చోబెట్టి సీరియళ్ళు చూపించమంటావా?" అంటాడు మా కొలీగ్. అనను. ఆ ప్రయాణంలో మా అమ్మకి గుర్తున్న చోటు ఒక్కటే, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్. నా షీట్‌లో దానికి గంటన్నర. ఆవిడ బెంచీ మీంచి లేవనంటే నేను వాచీ చూపించాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ అంచు దగ్గర దాదాపు 7,000 అడుగుల ఎత్తు, కింది ఎడారంత వేడి ఉండదు. ఉచిత బస్సు తిప్పుతుంది. నడవలేనివాళ్ళుంటే గేటు దగ్గర అడిగితే పర్మిట్ ఇస్తారు, మామూలు కార్లని ఆపేసే కొన్ని రోడ్లలోకి మన కారు వెళ్ళొచ్చు. అక్కడే రెండు రాత్రులు ఉంటే ఏం పోయింది? యాంటిలోప్ చూడాల్సిందేనంటే అప్పర్ చూపించండి, లోయర్‌లో నిచ్చెనలు ఎక్కి దిగాలి. డెత్ వ్యాలీకి నవంబరు తర్వాత వెళ్ళండి. అప్పుడు కూడా కిందికి దిగక్కర్లేదు, డాంటేస్ వ్యూ దాకా కారు పోతుంది. దాదాపు 5,500 అడుగుల మీంచి ఉప్పుమైదానం మొత్తం కనిపిస్తుంది.

"వాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారా ఏంటి, ఒకేసారి అన్నీ చూపించేద్దాం" అనేది ఇంకో వాదన. చూపించడం వాళ్ళకా, ఊళ్ళో చుట్టాల వాట్సాప్ గ్రూపుకా? మీరే తేల్చుకోండి.

రోజుకి నాలుగు గంటలు మించి కారు వద్దు. గంటన్నరకోసారి వాళ్ళు అడిగినా అడక్కపోయినా ఆపండి. "నాకు కాఫీ కావాలి" అని అబద్ధమాడి ఆపండి. మీ కోసం ఆగారనుకుంటే దిగుతారు, వాళ్ళ కోసమంటే దిగరు.

నాన్న ఈ నవంబరులో మళ్ళీ వస్తానంటున్నాడు. ఈసారి ప్లాన్ నేను వెయ్యలేదు, వెల్దుర్తి నుంచి ఫోన్లో ఆయనే చెప్పాడు. "మీ అమ్మ కూర్చున్న బెంచీ ఉందే, అక్కడికే పోదాం. ఆ వేగాసూ గీగాసూ వద్దు. ఒక మడత కుర్చీ కొనిపెట్టు."