విండోస్ 11కి మారుతున్నారా? ముందు మీ పాత ఫైళ్లు తెరిచి చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అదనపు అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకున్న వ్యక్తిగత కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 వరకు గడువు ఇచ్చారు. అప్‌డేట్లు ఆగినంత మాత్రాన సిస్టమ్ ఆగిపోదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు సవరణలు రావు. ఇంట్లో సినిమాలు చూసే కంప్యూటర్ సంగతి ఎలా ఉన్నా, రోజూ పదిమంది ఆధార్, పాన్ కార్డులు స్కాన్ చేసే ఆన్‌లైన్ సెంటర్లకు, ఆడిటర్ ఆఫీసులకు ఇది చిన్న విషయం కాదు.

మరి మారితే పాత సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయా?

పోవు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. సాఫ్ట్‌వేర్ ఎంత పాతదన్నది కాదు, ఏ రకందన్నది ముఖ్యం. 32 బిట్ ప్రోగ్రామ్‌లు విండోస్ 11లోనూ నడుస్తాయి. నడవనివి 16 బిట్‌వి. డాస్, విండోస్ 3.1 కాలంలో ఎవరో రాసిచ్చిన ఖాతాల ప్రోగ్రామ్, స్కూలు మార్కుల ప్రోగ్రామ్ లాంటివి ఇంకా వాడుతుంటే వాటికి ఇక్కడితో సరి. 32 బిట్ విండోస్ మీదే అవి నేరుగా నడిచేవి. విండోస్ 11కి 32 బిట్ వెర్షనే లేదు.

మీది ఏ రకమో చూడటం తేలికే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. సిస్టమ్ టైప్ దగ్గర 64 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ అని ఉంటే, హార్డ్‌వేర్ అర్హత కూడా ఉంటే, ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు అలాగే ఉంచి అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. 32 బిట్ అని ఉంటే మాత్రం కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే, అంటే ప్రోగ్రామ్‌లన్నీ పోతాయి. హార్డ్‌వేర్ అర్హతను మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ యాప్ చెబుతుంది. టీపీఎం 2.0 చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి.

మన దగ్గర అసలు చిక్కు డీటీపీ సెంటర్లది. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కంపోజ్ చేశారు. పేజ్‌మేకర్‌ను అడోబీ ఎప్పుడో వదిలేసింది. పైగా అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే మీ తెలుగు పుస్తకం అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కుప్పగా కనిపిస్తుంది. ఫైల్ భద్రంగానే ఉంటుంది, చదవలేం అంతే. బ్యాకప్ తీసుకున్నాం కదా అనుకునేవారికి తగిలే దెబ్బ ఇదే.

అందుకే అప్‌గ్రేడ్ బటన్ నొక్కక ముందే, పాత సిస్టమ్ పనిచేస్తుండగానే, ముఖ్యమైన ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్‌గా మార్చుకోండి. మళ్లీ దిద్దాల్సిన రచనలుంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెచ్చుకోండి. మార్చాక ఒకసారి ప్రూఫ్ చూడాలి, ఒత్తులు తారుమారవుతుంటాయి. ఫాంట్ ఫైళ్లు, ఇన్‌స్టాలర్లు, లైసెన్స్ నంబర్లు విడిగా దాచండి. అన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాక, వేరే కంప్యూటర్‌లో పెట్టి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఇంకా పాత పేజీలు దిద్దే పని ఉన్న షాపులు ఆ పాత సిస్టమ్‌ను అమ్మేయకుండా, ఇంటర్నెట్ కేబుల్ పీకేసి ఒక మూల ఉంచుకోవడమే మంచిది. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు కూడా దానికి పెట్టనివ్వకండి.

ఆన్‌లైన్ సెంటర్లకు డ్రైవర్ల సమస్య వస్తుంది. వేలిముద్ర యంత్రానికి డ్రైవర్, ఆర్‌డీ సర్వీస్ రెండూ కావాలి. డిజిటల్ సంతకం టోకెన్‌కూ డ్రైవర్ ఉండాలి. విండోస్ 11కి సరిపోయేవి తయారీ కంపెనీ సైట్‌లో ఉన్నాయో లేదో ముందే చూసి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పాత ప్రింటర్‌కూ అంతే. ట్యాలీ వాడేవారు ఫార్మాట్ చేయించే ముందు లైసెన్స్ సరెండర్ చేయడం మరచిపోవద్దు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరుచుకునే సైట్లు ఇంకా వాడాల్సి వస్తే, ఎడ్జ్ బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఐఈ మోడ్ ఉంది. కనీసం 2029 వరకు దాన్ని కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది.

నెలాఖరునో, రిటర్నుల గడువు ముందు రోజో ఈ పని పెట్టుకోకండి. అప్‌గ్రేడ్ అయ్యాక మొదటి రోజే వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం, ప్రింటర్ వరుసగా వాడి చూడండి. ఏదైనా మొరాయిస్తే సెట్టింగ్స్‌లోని రికవరీలో ‘గో బ్యాక్’ నొక్కి విండోస్ 10కి వెనక్కి వెళ్లొచ్చు. ఆ అవకాశం మామూలుగా 10 రోజులే. ఈలోగా స్థలం కోసమని పాత విండోస్ ఫైళ్లను డిలీట్ చేస్తే ఆ దారి కూడా ఉండదు.