ముందు కొలత, తర్వాత ముచ్చట

జూన్ నెల వచ్చిందంటే ఉయ్యూరు, గుడివాడ బజార్లలో చెప్పుల కొట్ల ముందు నిలబడడానికి చోటుండదు. ఒక చేత్తో పిల్లవాణ్ణి, మరో చేత్తో పుస్తకాల సంచిని పట్టుకుని పల్లెల నుంచి వచ్చినవారే ఎక్కువ. ఆ కొట్లలో ఏటా వినిపించే మాట ఒకటే. "పెరిగే పిల్లాడయ్యా, రెండు నంబర్లు పెద్దదివ్వు. వచ్చే ఏడు కూడా రావాలి." కొట్టువాడు ఇస్తాడు. ఇంటికి వెళ్లాక బూటు ముందు భాగంలో ఇంత పాతగుడ్డ కుక్కి పిల్లవాణ్ణి బడికి పంపుతారు.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మూడో తరగతి చదివే మా మనవరాలికి అలా పెద్ద బూట్లు కొన్నది మరెవరో కాదు, నేనే. నలభై ఏళ్లు సంసారం ఈదినవాణ్ణి, పొదుపంటే నాకు తెలియదా అనుకున్నాను. ఆగస్టులో బడి మెట్లు దిగుతూ ఆ పిల్ల బోర్లా పడింది. ముందు పన్ను విరిగింది. పాలపన్ను కాదు, కొత్తగా వచ్చిన పన్ను. "పరిగెత్తవద్దని చెప్పానా?" అని నేనే కోప్పడ్డాను. "పరిగెత్తలేదు తాతా, బూటు వెనకాలే ఉండిపోయింది" అన్నది. బూట్ల మీద మిగిలిందనుకున్న డబ్బు పళ్ల డాక్టరు ఫీజులో ఏ మూలకూ చాలలేదు. ఆ రోజు నుంచి ఈ బూట్ల సంగతి కాస్త పట్టించుకుని తెలుసుకున్నాను. తెలిసింది నలుగురికీ చెబుదామని ఇది రాస్తున్నాను.

పెద్దది కొనడం ఒక తప్పయితే, చిన్నదైపోయినా తొడిగించడం రెండో తప్పు. చెప్పు కరిచిందని మనం అంటాం. బూటు కూడా కరుస్తుంది. కానీ పిల్లలు ఆ మాట పైకి చెప్పరు. పోరుపెట్టి కొనిపించుకున్న బూటయితే అసలే చెప్పరు, తిడతారని భయం. పైగా పసివాళ్ల కాలి ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి. బూటు బిగుతుకు లొంగి వేళ్లు ముడుచుకుంటాయే గాని, మనకు తెలిసినంత నొప్పి వాళ్లకు వెంటనే తెలియదు. మడమ మీద బొబ్బ, చిటికెనవేలి మీద ఎర్రటి మచ్చ, లోపలికి పెరిగిన గోరు కనిపించాక గాని మనకు అర్థం కాదు. బడి నుంచి రాగానే పిల్లవాడు బూట్లు విప్పి విసిరేస్తుంటే అల్లరి అనుకోకండి. ఒకసారి పాదం చూడండి.

నంబరు ఒక్కటే చాలదు

మన కొట్లలో ఎక్కువగా నడిచేవి ఇంగ్లీషు వాళ్ల నంబర్లు. ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పిల్లల నంబర్లు 13 వరకు వెళ్లి, ఆపైన మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. అంటే 13 కంటే 1 పెద్దది! ఇది తెలియక మోసపోయామనుకుని కొట్టువాడితో తగాదా పడేవారు కూడా ఉన్నారు.

బడి ఈడు పిల్లల పాదం ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. కాబట్టి ఇప్పుడు సరిగ్గా పట్టిన బూటు వచ్చే జూన్‌కు పట్టదు. అలాగని రెండు నంబర్లు పెద్దది కొంటే ఏడాది పొడుగునా కాలు లోపల ఆడుతూనే ఉంటుంది. మధ్యేమార్గం ఒక్కటే. నిలబడినప్పుడు అన్నిటికంటే పొడుగు వేలి ముందు మన బొటనవేలి వెడల్పంత చోటు ఉండాలి. అంతకు మించి వద్దు.

ఇంకో చిక్కు ఉంది. నంబరు చెప్పేది పొడుగే, వెడల్పు కాదు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిపించింది. ఐరోపా, అమెరికా వారి పాదాల కంటే మనవాళ్ల పాదాలు వెడల్పుగా ఉంటాయని అందులో తేలింది. వాళ్ల కాలికి గీసిన కొలతలో మన కాలు దూరిస్తే పక్కలు నొక్కుతాయి. నొక్కుతోందని మనం ఇంకాస్త పొడుగైన నంబరు కొంటాం. పక్కలు సరిపోతాయి, మడమ మాత్రం జారుతుంది. మా మనవరాలు పడింది అలాగే.

పుల్ల కాదు, కాగితం

పిల్లవాణ్ణి బజారుకు తీసుకువెళ్లడం కుదరనప్పుడు పాదం పొడుగున చీపురుపుల్ల విరిచి పట్టుకుపోవడం మన అలవాటు. పుల్ల పొడుగు చెబుతుంది, వెడల్పు చెప్పదు. దాని బదులు కాగితం వాడండి. బడి మేజోళ్లు తొడిగి, కాగితం మీద నిటారుగా నిలబెట్టి, పెన్సిలు చుట్టూ తిప్పి గీయండి. సాయంత్రం గీస్తే మంచిది, పొద్దంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ గీయండి, సాధారణంగా ఒకటి పిసరంత పెద్దదిగా ఉంటుంది. ఆ పెద్దదాన్ని కత్తిరించి, కొట్లో బూటు లోపల పరచండి. అంచులు పైకి మడత పడితే ఆ బూటు ఇరుకు. ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి.

దసరా సెలవుల్లో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి, ఎండాకాలం సెలవుల చివర ఒకసారి ఇలా గీసి తేదీ వేసి దాచండి. బూటు మార్చాల్సిన నెల ఏదో ఆ కాగితాలే చెబుతాయి. అన్న కాలికి అరిగిన బూటు తమ్ముడికి తొడగకండి. అది అన్న నడకకు వంగిన బూటు.

రెండు జతలు ఎందుకు?

ఇక బడుల సంగతి. చాలా ప్రైవేటు బడుల్లో రోజూ నల్ల బూట్లు, శనివారం మాత్రం తెల్ల బూట్లు. వారానికి ఒక్కరోజు తొడిగే ఆ తెల్ల జత అరగక ముందే చిన్నదైపోతుంది. ఇద్దరు పిల్లలున్న కౌలు రైతు జూన్‌లో నాలుగు జతలు కొనాలి. అదే నెలలో నారుమడి ఖర్చు కూడా చూసుకోవాలి. అతను రెండు నంబర్లు పెద్దది అడుగుతున్నాడంటే తప్పు అతనొక్కడిదే అనగలమా? ఒక్క జత చాలునని యాజమాన్యాలు చెబితే, ఆ రెండో జత డబ్బుతో ఏడాది మధ్యలో సరైన కొలత బూటు కొనవచ్చు. ఈ మాట తల్లిదండ్రుల సమావేశంలో నలుగురూ కలిసి అడగాలి.

సర్కారు బడుల్లో బూట్లు ఉచితంగా ఇస్తున్నారు. మన జిల్లా పునాదిపాడులోనే 2020 అక్టోబరు 8న ఆ పథకం విద్యా కానుక పేరుతో మొదలైంది. 2025 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అంటున్నారు. పేరు ఏదైనా మంచి పనే. "మేం వట్టి కాళ్లతో చదువుకోలేదా?" అనే పెద్దలకు ఒక మాట. మట్టిలోని కొంకి పురుగు వట్టి పాదం చర్మం గుండానే లోపలికి పోయి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది. బూటు సోకు కోసం కాదు.

అయితే ఆ బూట్ల కొలతలు ముందుగా బడిలో తీసి పైకి పంపుతారు. పంపిన నెలకూ బూటు చేతికి వచ్చే నెలకూ మధ్య పిల్లవాడి పాదం పెరగకుండా ఆగదు. పట్టని జత ఇంట్లో అటక ఎక్కుతుంది, పిల్లవాడు మళ్లీ చెప్పులతో వస్తాడు. దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. బూట్లు వచ్చిన రోజే అన్ని తరగతుల వారినీ ఒకచోట కూర్చోబెట్టి, తొడిగి చూసి, పట్టనివి ఒకరితో ఒకరు మార్చుకోనివ్వాలి. మిగిలినవి మండలంలోని బడుల మధ్య మార్చుకోవచ్చు. ప్రధానోపాధ్యాయులు, మండల విద్యాధికారులు ఈ ఒక్క పూట కేటాయిస్తే ఎన్నో జతలు అటక దిగుతాయి.

చివరగా పిల్లల ముచ్చట. తోటివాళ్లకున్న బూట్లు తనకూ కావాలని పిల్లలు అడగడం తప్పు కాదు. పండక్కి కొత్త చొక్కా మనం అడగలేదా? ముచ్చట కాదనవద్దు, దాని వరస మార్చండి చాలు. ఈ జూన్‌లో మా మనవరాలి కాగితపు పాదం జేబులో పెట్టుకుని, ఆ పిల్లనూ వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్లాను. కొట్టబ్బాయి మొదట నవ్వాడు. తర్వాత తనే కాగితం తీసుకుని ఒక్కో బూటులో పరిచి చూశాడు. మూడు జతలు సరిపోయాయి. "ఈ మూడింట్లో నీకు ఏది నచ్చితే అది తీసుకోమ్మా" అన్నాను. పట్టీ మీద చిన్న పువ్వున్న జత ఎంచుకుంది. తొడుక్కుని కొట్టు మెట్లు తనంతట తానే దిగింది. ఈసారి బూటు వెనకాల ఉండిపోలేదు.