బీరు పీపాకు తెలుగు చాలదా?

ఇంట్లో చేసుకొన్న బీరును ఉక్కు పీపాలోకి ఎత్తి దానికి గ్యాసు పట్టించే విధానాన్ని తెలుగులో చెప్పడం కుదరని పని అని ఒకరు నాతో వాదించారు. పరాయివాడు కాదు. ఒకప్పుడు నా దగ్గర ఛందస్సు చదువుకొన్నవాడే, ఇప్పుడు టెక్సాసులో ఉంటున్నాడు. "మాస్టారూ, ఆ వస్తువులు మనవి కావు, ఆ మాటలూ మనవి కావు. ఇంగ్లీషులో చదివి చేసుకోవలసిందే" అని అతని సిద్ధాంతం. ఇది శుద్ధ తప్పు. తప్పని చెప్పి ఊరుకోక, ఆ పనినే తెలుగులో చెప్పి చూపదలచాను.

అంతకుముందు మరొక ఆక్షేపణ ఉంది. తెలుగు పంతులుకు మద్యం ముచ్చట్లెందుకని అడిగేవారుంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకు ఎదురుతిరిగిన రోజులను చూసిన తరం నాది. ఆ ఉద్యమాన్ని చులకన చేసే మాట నా నోట రాదు. కానీ ఒక పనిని వద్దనడానికైనా, జాగ్రత్తగా చేయమనడానికైనా ముందు దానిని గూర్చి మాట్లాడగలగాలి గదా! మన రెండు రాష్ట్రాలలోనూ లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఇక్కడివారు ఇది చదివి పూనుకోవద్దు. అమెరికాలో సంగతి వేరు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం, పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉన్న ఇంటికి 200 గాలన్లు, అమ్మకానికి కాకుండా, పన్ను లేకుండా చేసుకోనిచ్చింది. రాష్ట్రాలలో చిట్టచివర ఒప్పుకొన్నవి మిసిసిపి, అలబామా, 2013లో. అక్కడ మనవాళ్ళు చేస్తున్నారు. చేసేవారికి వారి భాషలో చెప్పేవారు లేరు.

ఇక పీపా. 19 లీటర్లు పట్టే స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర ఇది. కోకా కోలా, పెప్సీ వంటి శీతల పానీయాల పాకాన్ని హోటళ్ళకు మోయడానికి పుట్టింది. వ్యాపారులు సంచులు పెట్టిన అట్టపెట్టెలకు మారాక, పాత పీపాలు ఇంటి బీరువాళ్ళ చేతికి వచ్చాయి. కార్నీలియస్ అనే కంపెనీ పేరు మీద 'కార్నీ' అని ముద్దుపేరు. పైన రెండు ముక్కులుంటాయి. ఒకదాని గొట్టం మూతి కిందనే ఆగుతుంది, అది గ్యాసు లోపలికి పోయే దారి. రెండవదాని గొట్టం అడుగుదాకా దిగుతుంది, అది బీరు పైకి వచ్చే దారి. మూత మీద ఒత్తిడి విడిచే చిన్న వాల్వు. కుక్కరు ఉన్న ఇంట్లో దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు.

సిలిండరులో ఉన్నది బొగ్గుపులుసు వాయువు. మామూలు గది వేడిమిలో లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 800 పౌండ్లు దాటుతుంది. పీపాకు కావలసినది పది పన్నెండు. మధ్యలో రెగ్యులేటరు లేకుండా కలిపినవాడు బాంబు పక్కన కూర్చున్నట్టే. ఇంకొక సంగతి: లోపల వాయువు చాలావరకు ద్రవంగా ఉంటుంది గనుక, ఆ ద్రవం ఉన్నంతకాలం ఒత్తిడి ముల్లు దాదాపు కదలదు, అయిపోగానే చటుక్కున పడుతుంది. ముల్లును నమ్మక తూకం వేయాలి. వంటింటి సిలిండరును ఎత్తి చూసి ఎన్నాళ్ళొస్తుందో చెప్పే మన ఇల్లాళ్ళకు ఈ శాస్త్రం తెలుసు. ఇంగ్లీషు పుస్తకం చూడలేదంతే.

పులిసి మడ్డి దిగిన బీరును, కడిగి క్రిములు లేకుండా చేసిన పీపాలోకి చప్పుడు కాకుండా, చిమ్మకుండా దించాలి. గాలి తగిలితే రుచి చెడుతుంది. మూత బిగించి, గ్యాసు ఎక్కించి, వాల్వు లాగి వదలాలి. నాలుగైదు మార్లు ఇలా చేస్తే పైన నిలిచిన గాలి వెళ్ళిపోతుంది. అతుకుల మీద సబ్బునీళ్ళు పూస్తే కారేచోట బుడగలు చెబుతాయి. సిలిండరును మూసిన ఇరుకు గదిలో పెట్టకూడదు. ఆ వాయువు గాలికన్న బరువైనది, నేలబారున పేరుకొని ఊపిరాడనివ్వదు.

తరువాత అసలు సూత్రం. 1803లో విలియం హెన్రీ చెప్పినది: ద్రవంలో కరిగే వాయువు, పైనుండే ఒత్తిడిని బట్టి ఉంటుంది. చల్లగా ఉంటే ఎక్కువ ఒదుగుతుంది. 3, 4 డిగ్రీల సెల్సియస్ చలిలో 11, 12 పౌండ్ల ఒత్తిడి పెట్టి వారం నుంచి రెండు వారాలు వదిలేస్తే, బీరు ఘనపరిమాణానికి సుమారు రెండున్నర రెట్ల గ్యాసు కరుగుతుంది. అదే 20 డిగ్రీలలో అయితే 30 పౌండ్ల దాకా కావాలి. ఈ వాక్యాలలో తెలుగుకు ఎక్కడ ఊపిరాడలేదో ఎవరైనా చూపండి.

ఇక్కడ నా వర్గంవారితోనూ నాకు పేచీ ఉంది. ఈ పనికి 'అంగారామ్లవాయుసంపృక్తీకరణము' అని పేరు పెట్టగల పండితులు నాకు తెలుసు. సమాసం నిర్దుష్టమే. పాపం, దాన్ని వినేసరికి పీపాలో బీరు పులిసి చెడుతుంది! సోడాకొట్టువాడు 'గ్యాసు పట్టించడం' అన్నాడు, ఆ మాట చాలు. ఇంగ్లీషే శరణమనే కుర్రవాడూ, సమాసమే శరణమనే పండితుడూ కలిసి చేసే పని ఒక్కటే: సోడాకొట్టువాడి తెలుగును కొట్టివేయడం.

ఆ సోడాకొట్టుకు ఈ విద్యతో చుట్టరికం ఉంది కూడా. జోసెఫ్ ప్రీస్ట్లీ లీడ్సు పట్టణంలో బీరు తయారయ్యే చోట, పులుస్తున్న తొట్ల మీద నిలిచే వాయువును నీటిలోకి ఎక్కించి చూశాడు, 1772లో ఆ విధానాన్ని అచ్చువేశాడు. అంటే సోడా బీరుకు కూతురు. గోలీ సీసాకు హైరం కాడ్ 1872లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. మన ఊళ్ళలో చేతితో తిప్పే గోలీసోడా యంత్రాన్ని చూసినవారికి ఒక చిక్కు ఇట్టే విడిపోతుంది. యంత్రం సీసాలను ఎందుకు తిప్పుతుంది? కుదిపితే గ్యాసు త్వరగా కలుస్తుంది గనుక.

"30 పౌండ్లు పెట్టి పీపాను దొర్లించు, ఈ రాత్రికే తాగు" అని కొత్తవారికి ఉపదేశించేవారు చెప్పేదీ ఆ కిటుకే. కానీ సోడా యంత్రం వెనుక రోజుకు వందల సీసాలు తిప్పిన చేయి ఉంది. కొత్తవాడికి ఎక్కడ ఆపాలో తెలియదు. గ్యాసు మితిమీరుతుంది. కంగారుపడి రెగ్యులేటరు తగ్గిస్తే, పీపాలోని ఒత్తిడి ఎక్కువై బీరు గ్యాసు గొట్టంలోకే వెనక్కి తన్ని రెగ్యులేటరును పాడుచేయవచ్చు. ఎందుకో తెలియకుండా ఎంతో మాత్రం బట్టీపట్టినందువల్ల వచ్చే ముప్పు ఇది. నలభై ఏళ్ళు బట్టీ చదువులతో పోరాడినవాణ్ణి గనుక కొంచెం గట్టిగా అంటున్నాను. రెండు వారాలు ఆగలేనివాడు సీసా కొనుక్కొని తాగడం మేలు.

పోసేటప్పుడు గొట్టం పొట్టిగా ఉంటే గ్లాసు నిండా నురుగే వస్తుంది. అయిదు మిల్లీమీటర్ల లోపలి వెడల్పున్న గొట్టం, మూడు మీటర్ల పొడవు పెడితే ఒత్తిడి దారిలోనే అణుగుతుంది. అప్పుడు పైన రెండు వేళ్ళ మందాన నిలిచే నురుగును ఇంగ్లీషువారు తల అంటారు. నేను 'తలకట్టు' అంటున్నాను. క మీద, గ మీద కూర్చున్నట్టే గ్లాసు మీద కూర్చుంటుంది. ఇంతకన్న మంచి మాట తోచినవారు చెప్పండి, నాది తీసి అది పెడతాను.