పేట రాతలు – 14: మూడో కన్నం



ఈ వారం స్కాలర్‌షిప్పుల గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారం. ఈ వారం మా ఇంటి ఫ్రిజ్ గురించి. నవ్వకండి, చివరిదాకా చదవండి.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివానని మీలో చాలామందికి తెలీదు. ట్రాన్స్‌ఫార్మర్ సర్క్యూట్ ఇప్పటికీ కళ్ళు మూసుకుని గీస్తాను. అలాంటి నేను యానాంలో మా అమ్మని చంపినంత పని చేశాను. జానెడు తీగముక్కతో.

2022 జూలైలో గోదారి వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. ఏటి పక్కనున్న మా కాలనీలు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. నీరు తీసింది గానీ గోడలు ఆరలేదు. అప్పటినుంచి ఫ్రిజ్ ముట్టుకుంటే చెయ్యి జుమ్మనడం మొదలైంది. అమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. వంటింట్లోకి చెప్పులు రానివ్వని మనిషి, ఫ్రిజ్ కోసం ఒక రబ్బరు చెప్పుల జత విడిగా పెట్టింది. తలుపు పట్టుకోవడానికి పాత చీర ముక్క. పేటలో వాకబు చేస్తే ఇంకో నాలుగిళ్ళలో ఇదే కథ. "మా ఫ్రిజ్జి కొంచెం కొడతాదిరా" అని, కరిచే అలవాటున్న కుక్క గురించి చెప్పినట్టు చెబుతారు.

ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. "ఇల్లెక్కడండీ?" అన్నాడు. చెప్పాను. "రేపొస్తానండీ" అన్నాడు. ఆ రేపు మూడు వారాలైంది. దీనికి కులం అంటగట్టడం నాకు నిమిషం పని. కానీ ఉన్నమాట చెప్పాలి. అతని చేతిలో మూడంతస్తుల ఇంటి వైరింగ్ ఉంటే, ఒక్క సాకెట్ కోసం మా సందులోకి ఎందుకొస్తాడు? మూడంతస్తుల ఇళ్ళు ఏ వీధిలో ఉండాలో, ఒక్క సాకెట్ ఇళ్ళు ఏ వీధిలో ఉండాలో నిర్ణయించింది అతను కాదు. అదెవరో మనకి తెలుసు.

సరే, నేనే విప్పుదామని మెయిన్ దించాను. విప్పడమే పెద్ద యుద్ధం. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పెక్కి తలలు అరిగిపోయాయి. కొబ్బరినూనె పోసి అరగంట ఆగితే ఒకటి కదిలింది. రెండోది కదల్లేదు, ప్లేటే పగిలింది. లోపల చూస్తే మూడు పిన్నుల సాకెట్‌కి రెండే తీగలు. ఫేజు, నూట్రలు. పైనున్న పెద్ద కన్నం, ఎర్త్ రావలసింది, ఖాళీ. దాని స్క్రూ మీద బిగించిన గాటు కూడా లేదు. ఇల్లు కట్టిన కాంట్రాక్టరు మూడు కన్నాల సాకెట్ పెట్టాడు గానీ మూడో తీగ వెయ్యలేదు. బయటినుంచి చూస్తే ఏ తేడా తెలీదు.

అప్పుడు వీడియోలో చూసిన కిటుకు గుర్తొచ్చింది. ఎర్త్ లేకపోతే నూట్రల్ నుంచి చిన్న తీగ తీసి ఎర్త్ పిన్నుకి కలిపెయ్యడం. నూట్రల్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎలాగూ భూమికి కలిసే ఉంటుంది కదా అని నా ఇంజనీరింగ్ బుర్ర ఒప్పుకుంది. కలిపాను. జుమ్మనడం ఆగింది. అమ్మ చెప్పులు తీసేసింది. మావాడు ఇంజినీరని ఇరుగుపొరుగుకి చెప్పుకుంది. రెండిళ్ళవాళ్ళు పిలిస్తే వెళ్ళి వాళ్ళకీ అదే చేసొచ్చాను.

రెండు నెలల తర్వాత ఒక గాలివాన సాయంత్రం ఇంట్లో అన్నీ ఆగిపోయాయి. ఫ్యాను, బల్బు, టీవీ. కరెంటు పోయిందనుకుంది అమ్మ. పోయిన కరెంటుకి ఎవరు భయపడతారు? పాలు తీద్దామని ఉత్త కాళ్ళతో వెళ్ళి ఫ్రిజ్ తలుపు మీద చెయ్యేసింది. విసిరేసినట్టు వెనక్కి పడింది. విసిరెయ్యబట్టి బతికింది. చెయ్యి అతుక్కుపోయుంటే నేను ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. పక్కింట్లోంచి బాబాయి పరిగెత్తుకొచ్చి మెయిన్ దించాడు.

బాబాయి ముప్పయ్యేళ్ళు ఎలక్ట్రీషియన్ల వెనక హెల్పరు. గోడకి గాడి కొట్టడం, పైపు దూర్చడం, నిచ్చెన పట్టుకోవడం ఆయన పని. కనెక్షన్లు ఇచ్చేది మేస్త్రి. అన్నేళ్ళలో ఒక్క బోర్డు కూడా సొంతంగా బిగించనివ్వలేదు ఎవరూ. టార్చి వెలుతుర్లో సాకెట్ విప్పి నా తీగముక్క చూశాడు. తిట్టలేదు. "స్తంభం కాడ నూట్రలు ఊడింది. ఊడితే, ఫ్యానులోకెళ్ళిన కరెంటు తిరిగి ఎటెళ్ళాల్రా?" అన్నాడు.

నేను అక్కడే నిలబడి లెక్క వేసుకున్నాను. ఫేజు వస్తూనే ఉంది. స్విచ్చి వేసున్న ఫ్యానులోంచి నూట్రల్ తీగలోకి దిగింది. ఆ తీగకి అవతల దారి లేదు. నేను వేసిన ముక్క గుండా ఫ్రిజ్ రేకులోకి వచ్చి కూర్చుంది, 230 వోల్టులు. ఇల్లంతా చచ్చిపోయినట్టుంది, ఫ్రిజ్ ఒళ్ళు ఒక్కటే బతికుంది. మరి ఫ్యూజు ఎందుకు పోలేదు? ఫ్యూజు ఉన్నది తీగ కాలకుండా కాపాడ్డానికి. ఆంపియర్ల లెక్కలో కరెంటు పోటెత్తితేనే దానికి తెలుస్తుంది. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. మనిషి పోయినా ఫ్యూజుకి కబురందదు.

నాలుగేళ్ళ చదువులో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. నిచ్చెన పట్టుకున్న మనిషి అడిగాడు.

ఈమధ్య "మన రిపేర్లు మనమే చేసుకోవాలి" అనేవాళ్ళు ఎక్కువయ్యారు. డ్రిల్ మిషను కొనుక్కుని, ఆదివారం అల్మారా బిగించి ఫోటో పెడతారు. మంచిదే. వాళ్ళింట్లో ఎర్త్ ఉంది. తప్పు చేస్తే టప్పున పడిపోయే స్విచ్చి ఉంది. తప్పు చేసినా బతికే ఇంట్లో రిపేరు సరదాగానే ఉంటుంది. మనం ఎప్పుడూ మన పని మనమే చేసుకున్నాం, ఊళ్ళోవాళ్ళ పనీ మనమే చేశాం. మన పేటల్లో పనితనానికి ఏనాడూ కొదవ లేదు. లేనిది ఆ మూడో తీగ.

బాబాసాహెబ్ అనగానే మనం రాజ్యాంగం దగ్గర ఆగిపోతాం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు విద్యుత్తు కూడా ఆయన శాఖే. పేదరికం పోవాలంటే పరిశ్రమలు కావాలి, పరిశ్రమలకి చవగ్గా, సమృద్ధిగా కరెంటు కావాలి అని 1943లో విద్యుత్ విధాన కమిటీ ముందు వాదించాడు. మరుసటేడు సెంట్రల్ టెక్నికల్ పవర్ బోర్డు వచ్చింది. ఏప్రిల్ 14కి ఆయన బొమ్మకి సీరియల్ లైట్లు కట్టే మనం (ఆ కరెంటు ఎక్కడిదని అడక్కండి) ఈ ముక్క పిల్లలకి చెప్పం.

ఇంకో మాట, ఇది నామీద నేనే వేసుకుంటున్నా. కేంద్రపాలిత ప్రాంతాల్లో కరెంటు పంపిణీని ప్రైవేటుకి ఇస్తామని 2020లో ప్రకటించారు. 2022 సెప్టెంబరు చివర్లో పుదుచ్చేరి విద్యుత్ ఉద్యోగులు సమ్మెకి దిగారు. నేనూ సమర్థిస్తూ మాట్లాడాను. యూనిట్ ధర ఎంతవుతుంది, ఉద్యోగాలేమవుతాయి అన్నాను. మీటరు దాటాక మన ఇళ్ళలో ఏముందో ఒక్కమాట అనలేదు. అప్పటికి నా తీగముక్క ఫ్రిజ్ వెనకే ఉంది.

తర్వాతి ఆదివారం బాబాయీ నేనూ పెరట్లో గొయ్యి తీశాం. గట్టి నేలల్లో అయితే ఎర్త్ గోతిలో ఉప్పు, బొగ్గు వేసి ఎండాకాలమంతా నీళ్ళు పొయ్యాలి. మాకు నాలుగడుగులకే నీరు, అదీ ఉప్పన. కరెంటు భూమిలోకి దిగడానికి ఇంతకన్నా అనువైన నేల ఏముంటుంది! ఆ నేల మీద కట్టిన ఇంటికి ఎర్త్ లేదు. జీఐ పైపు దించి, తీగ బిగించి, బల్బు హోల్డరుతో ఫేజుకీ మూడో కన్నానికీ మధ్య పెట్టి చూస్తే నిండుగా వెలిగింది. ఉప్పుకి క్లాంపు తినేస్తుంది, ఏటా విప్పి చూడాలన్నాడు బాబాయి. ఆ తర్వాత ఆర్సీసీబీ బిగించాం. ఫేజులో వెళ్ళిన కరెంటూ నూట్రల్లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో తెంచేస్తుంది. దాని ఖరీదు ఇంచుమించు బాబాయి మూడు నాలుగు రోజుల కూలి. టెస్ట్ బటన్ నొక్కితే ఇల్లు చీకటైంది. "మళ్ళీ పాడు చేసేవేంట్రా!" అని అమ్మ అరిచింది.

ఎలక్ట్రికల్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ పేటలో సాకెట్లు చూడండి. ఎన్నిటికి మూడో తీగ ఉందో ఇంటి నంబరుతో సహా రాసుకోండి. ఒక్కరే వెళ్ళకండి, బాబాయిలాంటి వాళ్ళు ప్రతి పేటలో ఉన్నారు, వాళ్ళని ముందు నడవమనండి. నాలాగా రిపేరు మాత్రం చెయ్యకండి. ప్రభుత్వం కట్టిచ్చిన ప్రతి ఇంటికీ ఎర్త్, ఆర్సీసీబీ వెయ్యాలని అడగడానికి ఆ లెక్క కావాలి. మా కాలనీ లెక్క తీసి అర్జీ రాశాం.

నేను పాడు చేసిన ఆ రెండిళ్ళకీ వెళ్ళి, తప్పు చేశానని చెప్పి, తీగముక్కలు పీకేశాను. ఒక ఇంటికి పెరడుంది, గొయ్యి తీశాం. రెండో ఇల్లు పిన్నిది. అటూ ఇటూ గోడలే, గుమ్మం దాటితే సిమెంటు రోడ్డు. పైపు దించడానికి జానెడు నేల లేదు. సందంతటికీ కలిపి ఒక ఎర్త్ గొయ్యి కావాలని అర్జీలో రాసింది ఆమె కోసమే. నేను సాకెట్ బిగిస్తుంటే పిన్ని నావంకే చూసి, "అయితే మళ్ళీ చెప్పులేసుకోవాలేంట్రా?" అంది.

"ప్రస్తుతానికి వేసుకో పిన్నీ" అన్నాను.

నెల దాటింది. ఇంకా వేసుకుంటోంది.