బ్యాండ్‌విడ్త్ ఒక్కటే మందా?

హాస్టల్లో నెట్ స్లో అయితే చాలు, మనం అడిగేది ఒక్కటే: బ్యాండ్‌విడ్త్ పెంచండి!

1986 అక్టోబరులో, అమెరికాలోని బర్కిలీలో, నాలుగొందల గజాల దూరంలో ఉన్న రెండు సంస్థల మధ్య డేటా వేగం సెకనుకి 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. వాన్ జాకబ్సన్, మైక్ కారెల్స్ కొత్త కేబుల్ వేయలేదు. ప్యాకెట్ పోతే పంపేవాడే జోరు తగ్గించి, మళ్ళీ మెల్లగా పెంచుకోవాలని టీసీపీకి నేర్పారు. అందరూ ఒక్కసారే తోసుకుంటే ఎవరికీ అందదు కదా!

పరీక్షలో ఆ స్లో స్టార్ట్ గ్రాఫు గీసి మార్కులు కొట్టేస్తాం. రూముకొచ్చి, అదే ఉబుంటు ఫైలుని గదికొకరం విడివిడిగా దింపుకుంటాం. ఒక్క కాపీ హాస్టల్ సర్వర్లో పెట్టుకుంటే పోదా? కొత్త లైను సంగతి తర్వాత అడుగుదాం, ముందు ఈ పని చేద్దాం.